గర్భిణులకు డాప్లర్ పరీక్ష: యంత్రాల సంఖ్యతో తేలని లెక్క

(ప్రత్యేక వ్యాసం)

శిశువు నుంచి మావికి వెళ్లవలసిన రక్తం, గుండె విశ్రమించే క్షణంలో వెనుదిరిగి శిశువు వైపునకే వస్తున్నట్లు అల్ట్రాసౌండ్ తెరపై కనిపించడం ప్రసూతి వైద్యంలోని అత్యంత తీవ్రమైన హెచ్చరికలలో ఒకటి. ఇటువంటి ఫలితం వెలువడిన తరువాత వైద్యులకు మిగిలే వ్యవధి సాధారణంగా రోజులలోనే ఉంటుంది. ఆ వ్యవధిలో తల్లిని నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం గల ఆసుపత్రికి చేర్చగలిగితే బిడ్డ బతికే అవకాశం మెరుగవుతుంది. రక్తం ఏ దిశలో ప్రవహిస్తున్నదో చెప్పే డాప్లర్ పరీక్ష ప్రాధాన్యం ఇదే.

ఐక్యరాజ్యసమితి సంస్థల ఉమ్మడి అంచనా ప్రకారం 2019లో భారతదేశంలో సుమారు 3.4 లక్షల మంది శిశువులు మృతశిశువులుగా జన్మించారు. సంఖ్యాపరంగా ప్రపంచ దేశాలన్నింటిలో ఇదే అత్యధికం. నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం 2020లో దేశంలో ప్రతి వెయ్యి సజీవ జననాలకు 20 మంది శిశువులు పుట్టిన 28 రోజులలోపే మరణించారు. ఈ రెండు రేట్లను 2030 నాటికి ఒక అంకెకు తగ్గించాలని 2014లో ప్రకటించిన భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక లక్ష్యంగా పెట్టుకుంది. ఈ మరణాలన్నిటికీ మావి లోపమే కారణం కాదు. ప్రసవ సమయంలో ఊపిరి అందకపోవడం, అంటువ్యాధులు, నెలలు నిండకముందే కాన్పు కావడం వంటి కారణాలు కూడా ఉన్నాయి. అయితే మావి క్రమంగా విఫలమవుతున్న గర్భాలను ముందుగా గుర్తించే మార్గాలలో డాప్లర్‌కు ఉన్నంత బలమైన ఆధారం మరే పరీక్షకూ లేదు.

రైలు కూత నుంచి రక్తకణం వరకు

స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోయే రైలు కూత, బండి దగ్గరకు వస్తున్నప్పుడు హెచ్చు స్థాయిలోను, దాటిపోయిన వెంటనే తగ్గు స్థాయిలోను వినిపిస్తుంది. ప్రాగ్ నగరంలో ఆచార్యుడుగా ఉన్న ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో ఈ సూత్రాన్ని జంట నక్షత్రాల కాంతి రంగును వివరించేందుకు ప్రతిపాదించారు. 1845లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైస్ బలాట్ రైలు బండిపై వాద్యకారులను కూర్చోబెట్టి, శబ్దం విషయంలో ఈ సూత్రం నిజమని రుజువు చేశారు. అదే సూత్రాన్ని మానవ శరీరంలోకి పంపిన అల్ట్రాసౌండ్ తరంగాలకు అన్వయించి గుండె కదలికలను, అనంతరం రక్తప్రవాహాన్ని గుర్తించిన ఘనత 1950వ దశకంలో జపాన్‌లోని ఒసాకాలో పనిచేసిన శిగెయో సతోమురాకు దక్కుతుంది.

తొలి పరికరాలు రక్తం కదులుతున్నదని మాత్రమే చెప్పేవి. ఎటు కదులుతున్నదో చెప్పలేకపోయేవి. తిరిగి వచ్చిన ప్రతిధ్వని పౌనఃపున్యానికీ, పంపిన తరంగ పౌనఃపున్యానికీ మధ్య తేడా ఎంతో తెలిసినా, అది హెచ్చా, తగ్గా అన్నది తెలిసేది కాదు. ప్రతిధ్వనిని పావు ఆవర్తనం తేడా గల రెండు ప్రామాణిక తరంగాలతో ఏకకాలంలో పోల్చి, రెండింటిలో ఏది ముందు నడుస్తున్నదో చూడడం ద్వారా ఈ చిక్కు విడిపోయింది. 1960వ దశకంలో దిశను గుర్తించే పరికరాలు రూపొందాయి. 1980వ దశకంలో ఛిహిరో కసాయి, ఆయన సహచరులు జపాన్‌లో అభివృద్ధి చేసిన గణన విధానంతో దిశ, వేగం రెండూ రంగుల రూపంలో తెరపై అప్పటికప్పుడు కనిపించసాగాయి. వాడుకలో ‘కలర్ డాప్లర్’ అంటున్నది దీనినే.

ఈ రంగుల విషయంలో ఒక అపోహ పత్రికా కథనాలలో సైతం తరచు కనిపిస్తుంది. ఎరుపు అంటే శుద్ధ రక్తమని, నీలం అంటే చెడు రక్తమని, లేదా ఎరుపు ధమని, నీలం సిర అని రాయడం సరికాదు. సాధారణ అమరికలో ప్రోబ్ వైపునకు వస్తున్న ప్రవాహం ఎరుపు, ప్రోబ్‌కు దూరంగా పోతున్న ప్రవాహం నీలం. అంతకు మించి ఆ రంగులకు అర్థం లేదు. ఒకే ధమని వంపు తిరిగిన చోట సగం ఎరుపుగా, సగం నీలంగా కనిపించవచ్చు. యంత్రంపై ఒక్క మీట నొక్కితే రంగులు తారుమారవుతాయి. కనుకనే తెర పక్కన ఉండే రంగుల పట్టీని ముందుగా చూడనిదే ఏ నిపుణుడూ దిశ గురించి మాట్లాడరు.

గ్రామాలలో ఆరోగ్య కార్యకర్తలు గర్భిణి పొట్టపై ఉంచి శిశువు గుండె చప్పుడు వినిపించే చిన్న చేతి పరికరాన్ని కూడా ‘డాప్లర్’ అనే అంటారు. అదీ ఇదే సూత్రంపై పనిచేసినా, చప్పుడు వినిపించడమే దాని పని. మావిలో నిరోధం పెరిగిందా లేదా అన్నది అది చెప్పజాలదు. ‘మా కేంద్రంలో డాప్లర్ ఉంది’ అన్న సమాధానం వచ్చినపుడు ఏ డాప్లర్ అని అధికారులు మరొక ప్రశ్న వేయడం అవసరం.

బొడ్డుతాడులో వెనుకకు నడిచే రక్తం

బొడ్డుతాడులో సాధారణంగా రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. ధమనులు శిశువు నుంచి మావికి రక్తాన్ని తీసుకుపోతాయి. అక్కడ తల్లి రక్తం నుంచి ప్రాణవాయువు, పోషకాలు అందుకున్న రక్తం సిర ద్వారా శిశువుకు తిరిగి చేరుతుంది. గర్భం పెరిగే కొద్దీ ఆరోగ్యకరమైన మావిలో సూక్ష్మ రక్తనాళాలు విస్తరించి, ప్రవాహానికి నిరోధం తగ్గుతుంది. అందువల్ల శిశువు గుండె సంకోచించినపుడే కాక, రెండు స్పందనల నడుమ విశ్రమించే దశలో కూడా ధమనులలో రక్తం మావి వైపు సాగుతూనే ఉంటుంది.

తల్లికి అధిక రక్తపోటు ఉన్నపుడు, లేదా మావి మొదటి నుంచీ సరిగా నాటుకోనపుడు ఈ విస్తరణ జరగదు. నిరోధం పెరుగుతుంది. మొదట విశ్రాంతి దశలోని ప్రవాహం పలచబడుతుంది. తరువాత ఆ క్షణంలో ప్రవాహం పూర్తిగా ఆగిపోతుంది. చివరి దశలో అది వెనుదిరుగుతుంది. తెరపై గీత ఆధార రేఖకు పైన కనిపించవలసిన చోట కిందకు జారుతుంది. బొడ్డుతాడు రక్తప్రవాహాన్ని డాప్లర్‌తో గుర్తించే పద్ధతిని 1977లో ఐర్లాండ్‌లోని డబ్లిన్ పరిశోధకులు ప్రకటించారు. తరువాతి దశాబ్దాలలో ఈ మూడు మెట్లకూ శిశువు ప్రమాద స్థాయికీ గల సంబంధం స్థిరపడింది.

ఏ మెట్టు వద్ద ఏమి చేయాలన్నదానిపై ప్రస్తుతం అంతర్జాతీయంగా విస్తృత ఏకాభిప్రాయం ఉంది. విశ్రాంతి దశ ప్రవాహం ఆగిపోయిన గర్భాలలో శిశువును రెండు మూడు రోజులకొకసారి పరీక్షిస్తూ, 32 నుంచి 34 వారాల మధ్య ప్రసవం జరిపించాలని. ప్రవాహం వెనుదిరిగిన గర్భాలలో 30 నుంచి 32 వారాల మధ్యనే జరిపించాలని ప్రసూతి అల్ట్రాసౌండ్ నిపుణుల అంతర్జాతీయ సంఘం 2020 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అంతకంటె ముందు నెలలలో ఈ లక్షణం కనబడితే గుండెకు చేరువలోని మరొక సిరలో ప్రవాహ దిశను కూడా చూస్తారు. అక్కడ సైతం రక్తం వెనుకకు నడుస్తుంటే పరిస్థితి మరింత విషమించినట్లు భావిస్తారు. 34 వారాల లోపు ప్రసవం తప్పదనుకున్నపుడు శిశువు ఊపిరితిత్తులు పరిపక్వం కావడానికి తల్లికి ముందుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వాలి. ఆ ఇంజెక్షన్ల పూర్తి ప్రయోజనానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ ఒకటి రెండు రోజులు చేతిలో ఉండాలంటే హెచ్చరిక ముందుగా అందాలి.

ప్రయోజనానికి ఆధారమూ ఉంది. ప్రమాదకర గర్భాలలో డాప్లర్ వాడకంపై జరిగిన 19 అధ్యయనాలను కాక్రేన్ సంస్థ 2017లో సమీక్షించింది. 10 వేల మందికి పైగా గర్భిణులకు సంబంధించిన ఈ సమీక్షలో, డాప్లర్ వాడిన వర్గంలో శిశు మరణాలు 1.2 శాతం, వాడని వర్గంలో 1.7 శాతం అని తేలింది. అంటే మరణాలు నాలుగింట ఒక వంతుకు పైగా తగ్గాయి. సిజేరియన్ శస్త్రచికిత్సలు కూడా పెరగలేదు, సరికదా కొంత తగ్గాయి.

ఏ ప్రమాదమూ లేని సాధారణ గర్భాలకు మాత్రం ఈ ఫలితాన్ని అన్వయించరాదు. వారికి అలవాటుగా డాప్లర్ చేయడం వల్ల మేలు జరుగుతుందని రుజువు కాలేదు. రక్తపోటు, మధుమేహం, ఎదుగుదల లోపం, గతంలో మృతశిశు జననం వంటి కారణాలు ఉన్నవారిని ఎంపిక చేసి పరీక్షించడంలోనే దీని విలువ ఉంది. ప్రతి గర్భిణికీ ప్రతి సందర్శనలోనూ డాప్లర్ జోడించే ‘ప్యాకేజీ’లను ఈ దృష్టితో చూడవలసి ఉంటుంది. మొదటి మూడు నెలలలో డాప్లర్ శక్తిని ప్రయోగించడం విషయంలో ఉష్ణ ప్రభావం దృష్ట్యా మరింత సంయమనం పాటించాలన్నది నిపుణుల సంఘాల సూచన.

పొరపాటుకు తావు ఎక్కడ

డాప్లర్ పరీక్ష ఫలితం యంత్రం ధర కంటె ప్రోబ్ పట్టిన చేతిపై ఎక్కువగా ఆధారపడుతుంది. ఒక ఉదాహరణ చూస్తే ఇది స్పష్టమవుతుంది. 3.5 మెగాహెర్ట్జ్ తరంగంతో, సెకనుకు 40 సెంటీమీటర్ల వేగంతో సాగే రక్తాన్ని ప్రవాహానికి సూటిగా చూస్తే పౌనఃపున్యంలో సుమారు 1,800 హెర్ట్జ్ తేడా వస్తుంది. 60 డిగ్రీల కోణంలో చూస్తే అది సుమారు 900కు పడిపోతుంది. 90 డిగ్రీల కోణంలో, అంటే ప్రవాహానికి సరిగ్గా అడ్డంగా చూస్తే, తేడా శూన్యం. రక్తం ప్రవహిస్తూనే ఉంటుంది కాని యంత్రం ఏ ప్రవాహమూ లేదంటుంది.

అంతకంటె ప్రమాదకరమైనది యంత్రంలోని వడపోత అమరిక. రక్తనాళాల గోడల కదలికల వల్ల వచ్చే నెమ్మదైన సంకేతాలను తొలగించేందుకు ప్రతి యంత్రంలో ఒక వడపోత ఉంటుంది. దీనిని 200 హెర్ట్జ్ వద్ద ఉంచి, 60 డిగ్రీల కోణంలో పరీక్షిస్తే, సెకనుకు సుమారు 9 సెంటీమీటర్ల లోపు వేగం గల ప్రవాహమంతా తెరపై నుంచి మాయమవుతుంది. విశ్రాంతి దశ ప్రవాహం మందగించి, ఇంకా సాగుతూనే ఉన్న శిశువు విషయంలో ఇది ‘ప్రవాహం ఆగిపోయింది’ అన్న తప్పుడు నివేదికగా మారుతుంది. మరి కొన్ని వారాలు గర్భంలో సురక్షితంగా ఎదగగల బిడ్డను ముందుగానే బయటకు తీసే నిర్ణయానికి అది దారితీయవచ్చు. వడపోతను 60 హెర్ట్జ్‌కు మించకుండా, సాధ్యమైనంత తక్కువగా ఉంచాలని ప్రామాణిక మార్గదర్శకాలు చెబుతున్నది ఇందుకే. శిశువు ఊపిరి కదలికలు, అటు ఇటు కదలడం వల్ల కూడా గీత మారుతుంది. శిశువు నిశ్చలంగా ఉన్నపుడు మళ్లీ చూసి, ఒకే తీరు పలుమార్లు కనిపించిన తరువాతనే నివేదిక రాయాలి.

మరొక పొరపాటు దీనికి విరుద్ధమైనది. 34 వారాల తరువాత ఎదుగుదల మందగించే శిశువులలో బొడ్డుతాడు ధమని ప్రవాహం చివరి వరకు మామూలుగానే ఉండవచ్చు. అటువంటివారిలో మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనిలో నిరోధం తగ్గడం, అంటే శిశువు ఇతర అవయవాలకు తగ్గించుకుని మెదడుకు రక్తం మళ్లించుకోవడం, తొలి సంకేతం. ఒక్క నాళం చూసి ‘డాప్లర్ నార్మల్’ అని రాసిన నివేదిక తల్లికి భరోసా ఇస్తుందే గాని శిశువుకు రక్షణ ఇవ్వదు.

చట్టం అడ్డమా?

డాప్లర్ సదుపాయం గల అల్ట్రాసౌండ్ యంత్రం గర్భస్థ శిశువు లింగాన్ని కూడా చూపగలదు. రక్తప్రవాహ దిశను కొలవడానికి లింగం తెలియవలసిన పని లేదు. కాని యంత్రం ఒకటే. 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి, 2003 ఫిబ్రవరి 14 నుంచి సవరణలతో మరింత కట్టుదిట్టమైన గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం పరిధిలోకి ఈ పరీక్ష అందుకే వస్తుంది. చట్టం అవసరాన్ని జనాభా లెక్కలే చెబుతున్నాయి. ఆరేళ్ల లోపు పిల్లలలో ప్రతి వెయ్యి మంది బాలురకు బాలికల సంఖ్య దేశంలో 1991లో 945, 2001లో 927, 2011లో 918. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇదే కాలంలో 975 నుంచి 961కి, అక్కడ నుంచి 939కి తగ్గింది. జాతీయ సగటు కంటె మెరుగన్న తృప్తి కన్న, తగ్గుదల వేగం పెరిగిందన్న వాస్తవం గమనార్హం. మొదటి దశాబ్దంలో 14, రెండవ దశాబ్దంలో 22.

నమోదు లేని యంత్రం వాడరాదు. ప్రతి గర్భిణి పరీక్షకూ ఫారం-ఎఫ్ పూర్తి చేయాలి. చిన్న యంత్రాలను చేత పట్టుకుని ఊరూరా తిరగడంపై 2012 నిబంధనలు ఆంక్షలు విధించాయి. నమోదైన ప్రాంగణంలోను, నిర్దేశిత సంచార వైద్య వాహనాలలోను మాత్రమే వాటిని వినియోగించాలి. రికార్డులోని లోపాన్ని సైతం ఉల్లంఘనగానే చట్టం పరిగణిస్తుంది. కాదని రుజువు చేసుకునే భారం పరీక్ష చేసినవారిదే. గుమాస్తా పొరపాటును నేరంగా చూడడం అన్యాయమంటూ ప్రసూతి వైద్యుల సమాఖ్య సుప్రీంకోర్టును ఆశ్రయించగా, 2019 మే 3న న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చి, సంబంధిత నిబంధనలను సమర్థించింది. లింగ నిర్ధారణ నేరం గదిలో ఇద్దరి మధ్య జరిగేది. సాక్ష్యంగా మిగిలేది కాగితమే. న్యాయస్థానం రికార్డుకు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఇదే నేపథ్యం.

ఈ కట్టుబాట్ల కారణంగా డాప్లర్ పరీక్షలు వెనుకబడుతున్నాయన్న అభిప్రాయం వైద్య వర్గాలలో వినిపిస్తూ ఉంటుంది. దానిని పూర్తిగా అంగీకరించడం కష్టం. గర్భిణికి అల్ట్రాసౌండ్ చేయదగిన 23 సందర్భాల జాబితా ఫారం-ఎఫ్‌లోనే ఉంది. అందులో రక్తప్రవాహ రంగుల చిత్రణ, డాప్లర్ పరీక్ష ఒక ప్రత్యేక అంశంగా నమోదై ఉంది. చట్టం ఈ పరీక్షను సహించడం మాత్రమే కాదు, పేరు పెట్టి గుర్తించింది. కాగితం పనికి పట్టే సమయం నిజమే. ఒక్కరే వైద్యులు ఉన్న ఆసుపత్రిలో అది భారమే. ఆ భారానికి పరిష్కారం రికార్డులకు సహాయకుని నియమించడం. పరీక్షను మానుకోవడం కాదు.

పైగా ఈ రికార్డు మరొక పనికి ఉపయోగపడగలదు. ప్రతి కేంద్రమూ తాను చేసిన పరీక్షల వివరాలను మరుసటి నెల 5వ తేదీలోగా జిల్లా అధికార సంస్థకు పంపవలసి ఉంది. ఆ నివేదికలలో డాప్లర్ అంశం కింద నమోదైన పరీక్షలను మండలాలవారీగా లెక్కిస్తే, ప్రమాదకర గర్భిణులలో ఎందరికి ఈ పరీక్ష అందుతున్నదో, ఏ ప్రాంతానికి అసలు అందడం లేదో జిల్లా యంత్రాంగానికి తెలుస్తుంది. శిశు ఎదుగుదల, క్షేమం అన్న మరో అంశం కూడా అదే జాబితాలో ఉన్నందున లెక్క అచ్చుగుద్దినట్లు రాకపోవచ్చు. అయినా నిఘా కోసం సేకరిస్తున్న సమాచారాన్ని సేవల లోటు తెలుసుకునేందుకు వాడడానికి కొత్త ఖర్చు ఏదీ అవసరం లేదు.

యంత్రం తరువాత

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు వైద్యుల పరీక్షలు జరుగుతున్నాయి. ప్రమాదకర గర్భిణులను ప్రసవం వరకు పేరుపేరునా అనుసరించే విస్తరణ 2022లో మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో 44 ప్రభుత్వ ఆసుపత్రులలో 56 టిఫా స్కానింగ్ యంత్రాలను ప్రారంభించింది. టిఫా పరీక్ష ప్రధానంగా 18 నుంచి 22 వారాల మధ్య శిశువు అవయవ లోపాలను చూసేందుకు ఉద్దేశించినది. ఆ తరహా యంత్రాలలో సాధారణంగా డాప్లర్ సదుపాయం కూడా ఉంటుంది. అయితే మావి వైఫల్యం బయటపడేది ఎక్కువగా ఆ వారాలు దాటిన తరువాతనే. అయిదవ నెలలో ఒకసారి స్కానింగ్ పూర్తయిందని సంతృప్తి చెందిన తల్లి, ఏడవ నెలలో రక్తపోటు పెరిగినపుడు మళ్లీ అదే గదికి రావలసి ఉంటుంది. ఆ రెండవ రాకకు పిలిచేవారు ఎవరు, ఆ రోజు గదిలో నిపుణులు ఉంటారా అన్నవి యంత్రాల కొనుగోలు పత్రాలలో కనిపించని ప్రశ్నలు.

శిక్షణ విషయంలో 2014 నిబంధనలు ఎంబీబీఎస్ వైద్యులకు ఆరు నెలల అల్ట్రాసౌండ్ కోర్సును నిర్దేశించాయి. అది మొదటి స్థాయి శిక్షణ. బొడ్డుతాడు ధమనిని గుర్తించడం ఆ తరువాత అంత కష్టం కాదు గాని, కోణం, వడపోత, వేగ పరిమితి సరిచూసుకుని, ఆగిపోయిన ప్రవాహానికీ కనిపించని ప్రవాహానికీ తేడా చెప్పగలగడం అనుభవంతో వచ్చే విద్య. రేడియాలజిస్టుల జాతీయ సంఘం ‘సంరక్షణ్’ పేరిట ఈ దిశలో ఒక కార్యక్రమాన్ని నడుపుతోంది. జిల్లా ఆసుపత్రిలో తీసిన చిత్రాలను బోధనాసుపత్రి నిపుణులు పరిశీలించి అభిప్రాయం చెప్పే ఏర్పాటు చేయాలన్నా, నివేదికలో అంకె ఒక్కటే కాక గీత చిత్రం, కోణం, వడపోత విలువ భద్రపరచడం మొదటి షరతు.

పాడేరు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల గర్భిణులకు ఈ గొలుసులోని ప్రతి లంకె దూరంతో ముడిపడి ఉంది. రెండు మూడు రోజులకొకసారి పరీక్ష అన్నపుడు, కొండ దిగి వచ్చి తిరిగి వెళ్లడం సాధ్యం కాదు. ప్రవాహం ఆగిపోయిన దశలోనే ఆమెను నవజాత శిశు చికిత్సా విభాగం ఉన్న ఆసుపత్రిలో చేర్చుకోవాలి. వెనుదిరిగే దశ వరకు వేచి చూసి 108 వాహనాన్ని పిలవడం వారి విషయంలో ఆలస్యమే అవుతుంది. చేర్చుకున్న తల్లికి వారాల తరబడి పడక, వెంట వచ్చినవారికి భోజనం, ఇంటి వద్ద ఉన్న పిల్లలను చూసుకునేవారు కావాలి. వైద్య మార్గదర్శకాలలో లేని ఈ మూడు అంశాలే, ‘పరీక్ష చేశాం, చేరమన్నాం, వెళ్లిపోయారు’ అనే కేసు షీటులోని వాక్యానికి చాలా సందర్భాలలో కారణం కాగలవు. శిశు మరణాలపై సమీక్ష జరిపే జిల్లా కమిటీలు చివరి డాప్లర్ ఏ తేదీన జరిగింది, ఏ ఫలితం వచ్చింది, ఆ ఫలితానికీ ప్రసవానికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయి, ఆ రోజులలో తల్లి ఎక్కడ ఉన్నది అన్న నాలుగు వివరాలను ప్రతి మృతశిశు జననం విషయంలోనూ నమోదు చేయడం ప్రారంభించవచ్చు.